కార్తీకంలో వెల్లుల్లి కంపు

ఇలా దగ్గరగా రండి. ఆ పీట లాక్కుని కూర్చోండి. కాళ్ళు చాపుకున్నా నేనేమీ అనుకోను. చేతిలో పని ఉంటే చేసుకుంటూనే వినండి, చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకుంటూ అయినా వినొచ్చు. తింటూ మాత్రం వినకండి. ఈ సంగతి వింటే మీకు నోట్లో ముద్ద దిగదు.

నేనుండేది తెనాలిలో. మా చెల్లెల్ని రేపల్లెలో ఇచ్చారు. రేపల్లె పాసింజరు ఎక్కి ఒక కునుకు తీసేలోపు ఊరొచ్చేస్తుంది కాబట్టి రాకపోకలకి లోటు లేదు. మా మరిదికి ఎరువుల కొట్టు ఉంది. మంచివాడు, నోట్లో నాలుక లేనివాడు. ఇంట్లో పెద్దరికమంతా చెల్లెలి అత్తగారిది. ఆవిడకి మా మరిది కాక ఒక్కతే కూతురు, ఆయనకి అక్క. ఆ ఆడపడుచు బాపట్లలో ఉంటుంది. ఈ కథలో ఉన్నదల్లా ఈ నలుగురే, ఐదో మనిషిని నేను.

మా చెల్లెలికి చాలా ఏళ్ళుగా థైరాయిడ్. పొద్దున్నే పరగడుపున చిన్న మాత్ర ఒకటి వేసుకుంటుంది. ఆ మాత్రతో బాగానే ఉండేది. వంట చేసేది, వాకిలి ఊడ్చేది, మధ్యాహ్నం కొట్టుకి కేరేజీ పంపేది. ఏ లోటూ లేని మనిషి. ఉన్న ఒక్క లోటూ ఎవరి మాటా కాదనలేకపోవడమే. అందులోనూ ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఆడపడుచు చేత్తో ఇచ్చింది వెనక్కి ఇవ్వకూడదు. చీరైనా అంతే, ఆవకాయైనా అంతే. ఇస్తే పుట్టింటి మీద ఆవిడకున్న ప్రేమని కాలదన్నినట్టట.

పోయినేడు శ్రావణ మాసంలో ఆ ఆడపడుచు మా ఇద్దరినీ బాపట్ల రమ్మని ఒకటే ఫోన్లు. "వదినా, మీరూ రావాలి. రక్తంలో ఏమేం తక్కువగా ఉన్నాయో మిషను మీద చూసి చెప్తారు. ఊరికేనే" అంది. ఆవిడా నేనూ ఒకరినొకరం వదినా అనే పిలుచుకుంటాం. సరే, ఎలాగూ పేరంటానికి వెళ్ళినట్టు ఉంటుందని వెళ్ళాం.

ఫంక్షన్ హాలు. ముందు రోజు అక్కడ ఏదో పెళ్ళయినట్టుంది. పులిసిపోయిన సాంబారు కంపూ, నలిగిన మల్లెపూల కంపూ కలిసి, తలుపులు మూసి ఏసీ వేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. స్టేజీ మీద కోటు వేసుకున్న ఒక మనిషి. ఏసీ చాలని ఆ ఉక్కలో కోటేంటో! చెమట చెవుల పక్కనుంచి కారి కాలరు మీదికి దిగుతోంది, తుడుచుకోడు. మాట్లాడినప్పుడల్లా మైకు మీద తుంపర పడుతోంది.

"అమ్మా, మీ రక్తంలో సెలీనియం ఎంతుందో మీకు తెలుసా? తెలీదు. మీ డాక్టరు చెప్పాడా? చెప్పడు. ఎందుకు చెప్పడు? మీకు జబ్బు తగ్గిపోతే వాడికి గిరాకీ ఉండదు కాబట్టి!"

చప్పట్లు. గుండె జబ్బుకీ, మోకాళ్ళ నొప్పికీ, షుగరుకీ, థైరాయిడ్‌కీ, పిల్లలకి చదువు రాకపోవడానికీ అన్నిటికీ అదే కారణమన్నాడు. మన డెల్టా మట్టి చచ్చిపోయిందట, మన బియ్యంలో ఏమీ లేదట. ఆ మట్టిలో నాట్లు వేసి, ఆ బియ్యం తిని ఇంతదాన్నైన నాకు ఒళ్ళు మండింది. లేచి వచ్చేద్దామంటే చెల్లెలు కొంగు పట్టుకుంది. "అక్కా, వదిన నొచ్చుకుంటుంది."

తర్వాత మిషను. బల్ల మీద కంప్యూటరు, దానికి తగిలించిన ఒక ఇత్తడి కడ్డీ. ఒకరి తర్వాత ఒకరు అరచేతిలో పట్టుకోవాలి. అంతమంది పట్టుకున్న కడ్డీని ఒక్కసారి గుడ్డతో తుడిచిన పాపాన పోలేదు. జిగురు జిగురుగా ఉంది. ఎవరి చెమటో, ఎవరి కొబ్బరినూనో, ఎవరు తిన్న ఉప్మా నెయ్యో. నా చేతికి తగలగానే వెన్నులోంచి జరజరా పాకినట్టయింది. చీర చెంగుకి చేయి ఎన్నిసార్లు రుద్దుకున్నా ఆ జిడ్డు పోలేదనిపించింది. నాకూ చెల్లెలికీ సెలీనియం తక్కువేనని కాగితాలిచ్చారు.

మా వెనకావిడ తన వంతు కాగానే తొందరలో కడ్డీని బల్ల మీదున్న ఒక తాంబూలం సంచీలో పెట్టేసి వెళ్ళిపోయింది. శ్రావణ మాసం కదా, వచ్చిన ఆడవాళ్ళందరికీ కొబ్బరికాయ, రవికెల గుడ్డ పెట్టి సంచులిచ్చారు. కడ్డీ పోయి ఆ కొబ్బరికాయకి ఆనుకుంది. కంప్యూటరు ముందున్న అమ్మాయి తల ఎత్తకుండా మీటలు నొక్కుతూనే ఉంది. బరబరా కాగితం వచ్చింది. సెలీనియం బాగా తక్కువ, గర్భాశయం బలహీనం అని చదివింది.

"కొబ్బరికాయకి గర్భాశయం ఎక్కడిదమ్మాయ్?" అన్నాను.

వెనకున్నవాళ్ళు పక్కున నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వాపుకోలేకపోయింది. ఆడపడుచు మాత్రం నా మోచేతి మీద గిల్లింది. "ఊరుకోండి వదినా! సార్ వింటారు."

అంత చూశాక ఇక ఎవరూ నమ్మరనుకున్నాను. చెల్లెలు కూడా దారి పొడుగునా నవ్వుతూనే వచ్చింది. కానీ పది రోజులు తిరగకుండానే ఆడపడుచు రేపల్లె వచ్చి, సెలీనియం మందంటూ గోధుమరంగు సీసా ఒకటి చెల్లెలి చేతిలో పెట్టి, "నీ కోసం ప్రత్యేకంగా తెచ్చానే. పూటకి ఇన్ని చుక్కలని చెంచాడు నీళ్ళలో వేసుకో" అని వేళ్ళు చూపించి వెళ్ళిందట. సీసా మీద పేరు రాసిన కాగితం కూడా లేదు. దానికో రబ్బరు తల గొట్టం. నమ్మకం లేకపోయినా చెల్లెలు తాగింది. ఎందుకంటే ఇచ్చింది ఆడపడుచు.

అసలు సంగతి కార్తీకంలో మొదలైంది.

ఒకరోజు పొద్దున్నే చెల్లెలి అత్తగారు ఫోన్ చేసింది. ఆవిడ నాకు ఫోన్ చేయడమే అరుదు.

"అమ్మాయ్, నీ చెల్లెలి సంగతేంటో నువ్వే వచ్చి చూడు. నేను చెప్తే గయ్యాళి అత్తనంటారు. కార్తీక మాసంలో వెల్లుల్లి తిని దేవుడి గదిలోకి వచ్చింది. నోరు తెరిస్తే గుప్పున కంపు."

"అత్తయ్యగారూ, అది అలా చేసే పిల్ల కాదండీ."

"నా ముక్కు అబద్ధం చెప్తుందా?"

ఆ నెలంతా ఆ ఇంట్లో ఉల్లిపాయ, వెల్లుల్లి గడప తొక్కవు. ఒక పూట భోజనం, తెల్లవారకుండా తలస్నానం, దీపం. ఆవిడ ఆ నియమం పట్టి ఎన్నో ఏళ్ళయింది. అలాంటి ఇంట్లో ఈ మాట చిన్న మాట కాదు. ఉన్నపళాన బయల్దేరాను.

గుమ్మంలో చెల్లెలు ఎదురొచ్చి "అక్కా" అంది. అంతే, నాకు ముఖం మీద కొట్టినట్టయింది. వెల్లుల్లే. పచ్చి వెల్లుల్లి కాదు, నూనెలో మాడి, రాత్రంతా మూత కింద ఉండిపోయినది ఎలా ఉంటుందో అలా. నా తోడబుట్టిన దాని ముందు నేను ముఖం పక్కకి తిప్పుకున్నాను. అది చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత నాతో మాట్లాడినంతసేపూ కొంగు తియ్యలేదు.

అప్పటికే ఆ పిల్లకి దేవుడి గది లేదు, వంటిల్లు లేదు. పెరట్లో కూర్చుని తినాలి. మంచినీళ్ళ గ్లాసు వేరు. అత్తగారు రోజూ పొద్దున్నే "ఏదీ, నోరు తెరువు" అంటుందట. కోడలు తెరవాలి, ఆవిడ ముక్కు దగ్గరగా పెట్టి పీల్చి చూస్తుందట. సంతలో గేదెకి పళ్ళు చూసినట్టు! నా కళ్ళముందే చేసింది ఆ పని. చూసి, "ఊఁ, ఇవాళా తిన్నదే" అని పోయి చేతులు కడుక్కుంది. ఆ క్షణంలో నాకు నోటి కంపు మీద ఉన్న రోత కాస్తా ఆ ముక్కు మీదికి మళ్ళింది.

బీరువాలో చీరల మడతలు విప్పి వెతికిందట, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి కెలికిందట, ఎక్కడా వెల్లుల్లి రెబ్బ దొరకలేదు. దొరక్కపోయేసరికి కోపం ఇంకా పెరిగింది. "అయితే బజార్లో నూడుల్స్ బండి దగ్గర తింటోంది" అంది.

"ఈ వయసులో బండి దగ్గర నుంచుని నూడుల్స్ తింటుందా అండీ?" అన్నాను.

"మనిషి మారడానికి వయసెందుకమ్మా!"

పెరట్లోకి తీసుకెళ్ళి చెల్లెల్ని కూర్చోబెట్టాను. "ఒట్టు అక్కా, నేను తినలేదు" అంది. ఉప్పుతో పళ్ళు తోమి తోమి చిగుళ్ళు పుండు చేసుకుంది. యాలకులు నమిలి నమిలి నాలుక పొక్కింది. "నోట్లో ఎప్పుడూ రూపాయి బిళ్ళ చప్పరిస్తున్నట్టు ఉంటుందక్కా" అంది. చెమట పడితే చంకల్లోంచి కూడా అదే వాసన వస్తోందట. తల దువ్వుదామని దువ్వెన పెట్టాను. ఒక దువ్వుకే గుప్పెడు జుట్టు ఊడి నా చేతిలోకి వచ్చేసింది, గడ్డి పీకినట్టు. స్నానాల గదిలో చూరుకి చుట్ట చుట్టి దోపిన జుట్టుంది. నీళ్ళు పోయే కన్నం నిండా జుట్టే. చీపురు పుల్లతో లాగితే ఎలుక తోకలా సాగుతూ వచ్చింది.

అంతకంటే ఘోరం మధ్యాహ్నం చూశాను. వంటింట్లోకి రానివ్వరు గానీ బియ్యం ఏరే పని మాత్రం ఆ పిల్లదే. చేటలో బియ్యం ఏరుతుంటే తెల్లగా ఏదో కనిపించింది. నూక అనుకుని తీశాను. గోరు. పూర్తి గోరు. చిటికెన వేలిది, నొప్పి కూడా తెలియకుండా ఊడి బియ్యంలో పడిపోయింది. తక్కిన గోళ్ళ మీద తెల్లని అడ్డ చారలు, అంచులు పొరలు పొరలుగా లేస్తున్నాయి. నేను లేచి దొడ్డి గోడ దగ్గరికి వెళ్ళి, తిన్నదంతా కక్కేశాను.

"ఇదంతా ఎప్పట్నుంచే?"

"దసరా ముందు నుంచి. వదినకి చెప్పానక్కా. సెలీనియం తక్కువైతేనే జుట్టు రాలుతుంది, చుక్కలు పెంచు అంది. పెంచాను. గోళ్ళ సంగతి చెప్తే, లోపలున్న చెడు బయటికొస్తోంది, మంచిదేనంది. ఇంకొంచెం పెంచాను."

"కొబ్బరికాయకి కూడా తక్కువే అని చెప్పిన మిషనే అది! నువ్వు నవ్వావు కదే."

"నవ్వాను. కానీ వద్దని ఎలా చెప్పను?" అంది. పాదాలు రుద్దుకుంటూ, "అరికాళ్ళు కూడా తిమ్మిరిగా ఉంటున్నాయి. చీమలు పాకినట్టు" అని మెల్లగా చెప్పింది. అక్కడ నాకు భయం వేసింది. జుట్టు పోతే పోయింది, ఈ పిల్ల మనిషే నాకు దక్కకుండా పోతుందేమోనని.

ఆ రోజూ మర్నాడూ దాని పక్కనే ఉన్నాను. అది తిన్నదే నేనూ తిన్నాను. గడప దాటనివ్వలేదు. అయినా కంపు తగ్గలేదు, నాకు అంటలేదు. తిండి వల్ల కాదని తేలిపోయింది. సీసా మూత తీసి వాసన చూశాను. నీళ్ళలాగే ఉంది, ఏ వాసనా లేదు. అయినా సంచీలో వేసుకుని, చెల్లెల్ని తెనాలి తీసుకొచ్చాను. రైలు పెట్టెలో మా ఎదురుగా కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి వేరే సీటుకి వెళ్ళిపోయారు. ఒకాయన కిటికీ పైకెత్తి, "ఎవరమ్మా పచ్చడి జాడీ మూత పెట్టలేదు?" అన్నాడు. చెల్లెలు తల దించుకుని తెనాలి దాకా కాళ్ళ వేళ్ళు చూసుకుంటూ కూర్చుంది.

నేను చూపించుకునే డాక్టరమ్మ దగ్గరికే తీసుకెళ్ళాను. ఆవిడ గోళ్ళు చూసింది, తల చూసింది, పాదాల మీద దూదితో రాసి తెలుస్తోందా అని అడిగింది. తర్వాత, "వెల్లుల్లి వాసన ఎన్నాళ్ళ నుంచి వస్తోందమ్మా?" అంది.

"నేను తినలేదండీ!" అని చెల్లెలు భోరుమంది.

"తినలేదని నాకు తెలుసు. అందుకే ఎన్నాళ్ళ నుంచి వస్తోందని అడిగాను."

నిజం చెప్తున్నాను, ఆ మాటకి చెల్లెలు మొదటిసారి నోటి మీంచి కొంగు తీసింది.

"మందులేం వాడుతున్నారు?" అంటే మాత్రం, "థైరాయిడ్ మాత్ర ఒక్కటేనండీ" అంది. చూశారా! అంత జరిగాక కూడా ఆడపడుచుని దాస్తోంది. నాకు ఒళ్ళు మండి సంచీలోంచి సీసా తీసి బల్ల మీద ఠక్కున పెట్టాను.

రక్తం తీసి ఏదో పెద్ద ఊరికి పంపారు. అది తిరిగి వచ్చేదాకా చెల్లెలు మా ఇంట్లోనే ఉంది. సీసా నా బీరువాలో తాళం వేసి పెట్టాను. కాగితం వచ్చాక డాక్టరమ్మ మమ్మల్ని పిలిచి, మాకు అర్థమయ్యేలా విడమరిచి చెప్పింది.

"సెలీనియం మనిషికి కావాల్సిందే అమ్మా. గుండెకీ, ఒంట్లో రోగాన్ని ఆపే శక్తికీ, థైరాయిడ్ గ్రంథికీ అన్నిటికీ కావాలి. అందుకే ఈ అమ్మేవాళ్ళు థైరాయిడ్ ఉన్న ఆడవాళ్ళనే పట్టుకుంటారు. కానీ కావలసినది కంటికి ఆననంత. చేపల్లో, గుడ్డులో, పప్పులో, అన్నంలో రోజూ వచ్చేదే మామూలుగా మనకి సరిపోతుంది. కావలసినదానికీ ఎక్కువైనదానికీ మధ్య ఎడం చాలా తక్కువ. ఎక్కువైతే ఒళ్ళు దాన్ని ఊపిరితోనూ చెమటతోనూ బయటికి తోస్తుంది. ఆ వచ్చే గాలికే వెల్లుల్లి వాసన."

"మరి మిషను తక్కువన్నదండీ."

"కడ్డీ పట్టుకుంటే రక్తంలో ఏముందో తెలియదు. ఈవిడ రక్తంలో తక్కువ లేదు. ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఉంది."

"దీనికి విరుగుడేంటండీ?"

"ఆపడమే విరుగుడు. మెల్లగా అదే పోతుంది. జుట్టూ గోళ్ళూ మళ్ళీ వస్తాయి. కాళ్ళ తిమ్మిరి తగ్గడానికి టైం పడుతుంది. ఇంకొన్నాళ్ళు ఇలాగే తాగి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పను." ఆవిడ, నేను మళ్ళీ తీసుకెళ్ళిన సీసాని వెలుతురుకి పెట్టి చూస్తూ, "ఇలాంటి చుక్కలు తాగినవాళ్ళని చూశాను గానీ, ఇంత ముదిరింది చూడలేదు. ఈ సీసా ఎక్కడ నింపారో కనుక్కోండి. ఇంకెవరైనా తాగుతుంటే ప్రమాదం" అంది.

మా మరిదికి ఫోన్‌లో చెప్పాను. "యూరియా ఎక్కువైతే చేను మాడిపోతుందని రోజుకి పదిమందికి చెప్తాను వదినగారూ. ఇంట్లో మాడుతుంటే చూడలేదు" అన్నాడు. మీ అక్కని అడగవయ్యా అంటే మాత్రం, "అక్కని నేనేం అడగనండీ" అన్నాడు. అడిగే మగాడు ఆ ఇంట్లో లేడని అర్థమైంది. నేనే బాపట్ల రైలెక్కాను.

ఆడపడుచు నవ్వుతూ ఎదురొచ్చింది. "రండి వదినా, కాఫీ తాగుదురుగాని" అని నేరుగా వంటింట్లోకి తీసుకెళ్ళింది. గ్యాసు గట్టు కింద, ఉప్పు జాడీ పక్కన, కిరసనాయిలు డబ్బాలాంటి తెల్లని ప్లాస్టిక్ డబ్బా. చుట్టూ సీసాలు. పాత దగ్గుమందు సీసాలు కడిగి బోర్లించింది, కొన్నిటి మెడల దగ్గర మందు బంక ఇంకా ఎండి అంటుకునే ఉంది. ఒక గరాటు, ఒక గరిటె. గరాటు మీద ఈగలు. ఆ గరిటెని అక్కడే తొట్టిలో ఒకసారి జాడించి, దాంతోనే పాలు కలిపి నాకు కాఫీ పోసింది. ఆ గ్లాసు నేను చేత్తో పట్టుకున్నాను గానీ పెదవికి ఆనించలేదు.

"సీసాలు మీరే నింపుతారా వదినా?"

"అవునండీ. సార్ డబ్బాలో చిక్కటిది పంపుతారు. దానికి కాచి చల్లార్చిన నీళ్ళు ఈ బిందెడు కలపాలి. ఆ నీళ్ళు కలిపింది బయటివాళ్ళకి."

"మరి మా చెల్లెలికి ఇచ్చింది?"

ఆవిడ ముఖం వెలిగిపోయింది. అది నేను మరిచిపోలేను. "మనింటి మనిషికి నీళ్ళు కలుపుతానా వదినా? మా అమ్మ మజ్జిగ ఎలా పోసేది? వీధిలోవాళ్ళకి పలచన, ఇంట్లోవాళ్ళకి చిక్కన. తమ్ముడి భార్యకి డబ్బాలోది డబ్బాలో ఉన్నట్టే పోశాను. అసలు సరుకు."

చేతిలో గ్లాసు గట్టు మీద పెట్టేశాను. "మీరేది తాగుతారు?"

"నేనా? పలచందే. చిక్కంది తమ్ముడింటికని అట్టే పెట్టా."

తిట్టాలని దారంతా మాటలు పేర్చుకుని వెళ్ళాను. ఒక్కటీ రాలేదు. మోసం చేసిన మనిషినైతే తిట్టొచ్చు. ప్రేమగా గరిటె పట్టుకుని విషం చిక్కగా పోసిన మనిషిని ఏమనాలి? అసహ్యం మాత్రం పుట్టుకొచ్చింది. ఆ ప్రేమ మీదే వచ్చింది. డాక్టరమ్మ ఇచ్చిన కాగితం తీసి చూపించాను. గోరు సంగతి, జుట్టు సంగతి, పెరట్లో భోజనం సంగతి చెప్పాను. ఆవిడ నమ్మలేదు. సార్‌కి ఫోన్ చేసి స్పీకరు పెట్టింది.

"అది లోపలి చెడు పోయే లక్షణం అమ్మా" అంది ఆ కోటు గొంతు, తేనె పూసినట్టు. "ఆవిడకి నమ్మకం తక్కువై ఉంటుంది."

"సార్, నేను నీళ్ళు కలపకుండా ఇచ్చానండీ. మా తమ్ముడి భార్య అని..."

అవతల గొంతు మారిపోయింది. "కలపకుండా ఇమ్మని మేం చెప్పామా? మీరెవరో మాకు తెలీదమ్మా. ఇంకోసారి ఈ నంబరుకి చెయ్యకండి." ఫోన్ పెట్టేశాడు.

ఆడపడుచు ఫోన్ వంక చూస్తూ కింద చతికిలబడింది. "ఇంకెవరికి చిక్కటిది పోశారు?" అని అడిగాను.

"ఎవరికీ లేదు. నాకు తమ్ముడు ఒక్కడే కదా" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "అమ్మకి చెప్పకండి వదినా. పుట్టింట్లో నా మాట పోతుంది" అంది. జాలిపడబోయిన నా మనసు అక్కడే ఆగిపోయింది.

"మీ మాట పోతుందని మా చెల్లెలు నోరు మూసుకుని కూర్చోవాలా? లేవండి. ముందు పలచటి సీసాలు కొన్నవాళ్ళందరికీ ఆపెయ్యమని ఫోన్లు చెయ్యండి. తర్వాత మీరే వచ్చి మీ అమ్మకి మీ నోటితో చెప్పాలి."

ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తుంటే పక్కనే కూర్చున్నాను. కొందరు తిట్టారు, కొందరు మరి బదులేం వాడమంటారని అడిగారు! ఆ డబ్బాని మూత బిగించి డాక్టరమ్మకి అప్పజెప్పాను, కాలవలో పోస్తే చేపలకి పోతుందేమోనని.

మర్నాడు రేపల్లెలో అందరం హాల్లో కూర్చున్నాం. చెల్లెల్ని కూడా తీసుకొచ్చాను. ఆడపడుచు ఏడుస్తూ మొత్తం చెప్పింది. అత్తగారు ఆసాంతం విని, లేచి వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. కూతురికిచ్చింది. "ఏడవకే, నీ గుండె అసలే మెత్తన" అంది. జుట్టూడి, గోళ్ళూడి కోడలు పక్కనే కూర్చుని ఉంటే! తర్వాత కోడలి వైపు చూడకుండా, "సరే, రేపట్నుంచి దేవుడి గదిలోకి రావచ్చులే" అంది.

ఆ మాటతో అయిపోయిందనుకుంది ఆవిడ. మరిది నేల చూపులు చూస్తున్నాడు. నేను నోరు తెరవబోయాను. ఈలోపు చెల్లెలు మాట్లాడింది, కొంగు అడ్డం లేకుండా.

"నా నోటి కంపు ఇంకా పోలేదత్తయ్యా. అది నా తప్పు కాదని ఇప్పుడు మీకు తెలిసింది కదా. మరి ఇన్నాళ్ళూ నోరు తెరిపించి చూశారు, ఆ సంగతేంటి?"

అత్తగారు, "పెద్దదాన్ని, నియమం కోసం చేశాను" అంది.

"నియమానికి ముక్కుంది గానీ కళ్ళు లేవా అత్తయ్యా? నా గోళ్ళు కనపడలేదా?" అని చేతులు రెండూ ఆవిడ ఒళ్ళో పెట్టింది. ఆవిడ చేతులు వెనక్కి తీసుకోబోయి, తీసుకోలేక, ఆ వేళ్ళ వంక చూసింది. చిటికెన వేలి గోరు ఊడిన చోట తన బొటనవేలితో తాకింది. క్షమించమనే మాట ఆవిడ నోట రాలేదు, ఇవాళ్టి దాకా రాలేదు.

తర్వాత చెల్లెలు ఆడపడుచు వైపు తిరిగింది. "వదినా, మీరు నన్ను ప్రేమగానే చూశారు. కానీ ఇక మీదట మీరేం తెచ్చినా ఏంటది, ఎందుకు అని అడుగుతాను. వద్దనుకుంటే వద్దంటాను. మీరు నొచ్చుకుంటే నొచ్చుకోండి."

ఆ ఇంటి గోడలు అలాంటి మాట వినడం అదే మొదలు. మా మరిది అప్పుడు తలెత్తాడు. "అక్కా, అది చెప్పింది సబబే" అన్నాడు.

చెల్లెలు ఆరోగ్యం కుదుటపడేదాకా నా దగ్గరే ఉంటానని తెనాలి వచ్చేసింది. ముందు వాసన పోయింది. జుట్టు రాలడం ఆగింది, కొత్తది కోడిపిల్ల నూగులా మొలిచింది. గోళ్ళు మొదట గుల్లగా వచ్చాయి, నెలల మీద గట్టిపడ్డాయి. మళ్ళీ రక్తం తీసి పంపితే సెలీనియం బాగా దిగిందని చెప్పారు. కాళ్ళలో తిమ్మిరి చలి పొద్దుల్లో ఇంకా వస్తూనే ఉంది, పూర్తిగా పోతుందో లేదో డాక్టరమ్మ కూడా ఖాయంగా చెప్పలేదు. చెల్లెలు మళ్ళీ రేపల్లె వెళ్ళింది, తన వంటిల్లు తను చూసుకుంటోంది. మొన్న ఆడపడుచు మోకాళ్ళకని ఏదో నూనె తెస్తే, "ఇందులో ఏముందో చెప్పండి వదినా" అందట. ఆవిడకి తెలియక, మళ్ళీ సంచీలో పెట్టుకుని తీసుకెళ్ళిందట. ఇద్దరూ కలిసే భోంచేశారట.

ఆ కోటు మనిషి మాత్రం బాగానే ఉన్నాడు. ఇప్పుడు ఇంకో ఊళ్ళో ఇంకో హాల్లో ఇంకో సీసా పట్టుకుని నుంచున్నాడని విన్నాను. వాణ్ణి తలుచుకుంటే ఆ జిడ్డు ఇంకా నా అరచేతిలో ఉన్నట్టే ఉంటుంది.

ఇక లేవండి, పొద్దుపోతోంది, మీ పనులు మీకున్నాయి. ఓపిగ్గా విన్నారు. మీ ఇంట్లో అందరి ఒంట్లోనూ రక్తం తేటగా ఉండాలి. తిన్న అన్నం ఒంటికి పట్టాలి. మీ ఇంట ఆడపిల్ల "నేను చెయ్యలేదు" అంటే నమ్మే మనిషి ఒక్కరైనా ఉండాలి. మీ కోడళ్ళు వద్దు అన్నా మీ ఇంటి ప్రేమలు చెక్కుచెదరకుండా ఉండాలి. పిల్లాపాపలతో చల్లగా ఉండండి తల్లీ.